కార్డు భద్రంగా ఉందిగా

తిరువూరు బస్టాండు దాటి నాలుగడుగులు వేస్తే, ఎరువుల కొట్టు పక్కన సన్నటి మడిగ ఒకటి ఉంది. ఇప్పుడందులో కర్రీ పాయింటు పెట్టారు. దాని గోడ మీద ఎర్ర రంగుతో “తొందర ఉన్నవారు దయచేసి వేరే చోటికి వెళ్ళగలరు” అని రాసి ఉంటుంది. సాంబారు ప్యాకెట్టు కోసం వచ్చినవాళ్ళకి తొందర కాక మరేముంటుంది? చదివి నవ్వుకుంటారు. కొట్టు తీసుకున్నతను పైన సున్నం కొట్టించాడు గానీ ఒక్క పూత సున్నానికి ఆ ఎరుపు లొంగలేదు. మొన్న నాన్నకి పప్పుచారు కొందామని వెళ్ళి ఆ అక్షరాల ముందు నిలబడిపోయాను. “కాస్త జరగండమ్మా, తొందరగా” అన్నది వెనకనున్నావిడ. నాకు నవ్వు రాలేదు.

ఆ అక్షరాలు రాసినాయన ఇప్పుడు లేరు. ఆ మడిగలో పాతికేళ్ళు రిపేరు కొట్టు నడిపారు. పేరు రాయను. రాస్తే ఊళ్ళో అందరికీ తెలిసిపోతుందని కాదు, ఆ పేరు రాసే అర్హత నాకింకా రాలేదని.

అర్చకుల ఇంట్లో పుట్టారాయన. అన్నగారు గుడి చూసుకుంటే ఈయన సోల్డరింగ్ ఐరన్ పట్టుకున్నారు. పొద్దున్నే షట్టరెత్తి, బయట పంపు దగ్గర కాళ్ళు కడుక్కుని, బొట్టు సరిచూసుకుని, అప్పుడు గానీ స్టూలు ఎక్కేవారు కాదు. బుగ్గన ఎప్పుడూ ఒక లవంగం ఉండేది. జనం పెన్ను పెట్టుకునే జేబులో ఆయనకి చిన్న స్క్రూడ్రైవరు. పొట్ట గడిచింది సెల్‌ఫోన్ల మీద, టీవీ రిమోట్ల మీద. ప్రాణం మాత్రం రెండు అరచేతుల్లో పట్టుకుని ఆడుకునే వీడియో గేమ్‌ల మీద ఉండేది. గంపలగూడెం నుంచి కూడా వాటిని గుడ్డసంచుల్లో పెట్టుకుని వచ్చేవాళ్ళు.

వస్తువు విప్పాక ముందు తెల్లకాగితం మీద పెన్సిలుతో దాని బొమ్మ గీసేవారు. ఏ స్క్రూ ఎక్కడిదో కాగితం మీద అక్కడే టేపు పెట్టి అంటించేవారు. కాలినచోట నల్లగా దిద్దేవారు, పగులుంటే పగులు గీసేవారు. గీయడానికే అరగంట. ఎదురుగా నిలబడ్డవాళ్ళకి ఒళ్ళు మండేది. మండితే గోడ వైపు చూపించేవారు.

పాడైంది, పోయింది, చచ్చింది అన్న మాటలు ఆయన నోట ఎవరూ విని ఉండరు. దీపం ఆరిపోయిందని అనకూడదు, కొండెక్కిందనాలి కదా. మిషన్లకీ ఆయన దగ్గర అదే మర్యాద. “బోర్డు కొండెక్కిందండీ, మళ్ళీ వెలిగిద్దాం” అనేవారు. ఇంకొకటుంది. ఏ రిపేరు కొట్టుకి వెళ్ళినా ముందు ‘ఏమైంది’ అని అడుగుతారు. ఆయన ‘లోపల ఏముంది’ అని అడిగేవారు.

నన్నూ అదే అడిగారు.

“ఏముంటుందండీ, గేమ్” అన్నాను. నేను హైస్కూల్లో సోషల్ చెప్తాను. ఆరోజు మధ్యాహ్నం ఒక్క పూట సెలవు పెట్టి వచ్చాను.

“ఎవరాడతారు టీచర్ గారూ?”

“మా నాన్న.”

ఆయన లవంగం ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకి మార్చుకున్నారు. “పెద్దాయన ఏం ఆడతారండీ?”

“వ్యవసాయం.”

నాన్నకి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. వైద్యానికి వినగడపలో ఉన్న నాలుగెకరాలూ అమ్మేశాం. సంతకం పెట్టే చెయ్యి పనిచెయ్యక నాన్న వేలిముద్ర వేశాడు. ఆరోజు ఆయన పైకి చూపించిన బాధ అదొక్కటే, మిగతాదంతా దిగమింగాడు. తరవాత నా దగ్గరికి తిరువూరు తెచ్చుకున్నాను. వేళ్ళు కదిలిస్తూ ఉండాలని ఎక్సర్‌సైజులు చేయించే అతను మెత్తటి బంతి ఇస్తే, నాన్న ఎడంచేత్తో దాన్ని కిటికీలోంచి విసిరేశాడు. మా అక్క కొడుకు వదిలేసిన వీడియో గేమ్ బీరువాలో పడి ఉంటే, చూద్దాంలే అని చేతిలో పెట్టాను. అందులో పొలం ఆట ఒకటుంది. రాళ్ళూ కలుపూ నిండిన బీడు ఇస్తారు. రాళ్ళేరి, దున్ని, విత్తనం వేసి, రోజూ నీళ్ళు పెట్టి పండించుకోవాలి.

మొదటివారం మొత్తం మీద ఒక్క రాయి తీశాడు. ఏడాది తిరిగేసరికి, నమ్మండి, వినగడప చేను ఆ చిన్న తెర మీద లేచి నిలబడింది. ఈశాన్యాన బావి. పడమటి గట్టు మీద వరసగా పదకొండు మామిడి చెట్లు. ఆ ఆటలో మామిడి లేదు, ఏదో పరాయిదేశపు పండు చెట్లుంటే వాటినే మామిడి అనుకున్నాడు. వాగు వైపు ఒక మూల ఖాళీగా వదిలేశాడు.

“అక్కడేం వెయ్యవా నాన్నా?” అని అడిగాను.

“అక్కడ చవుడు. పండదు” అన్నాడు. అప్పటికి నాలుక సరిగ్గా తిరగదు ఆయనకి. ఆ రెండు ముక్కలు మాత్రం స్పష్టంగా వచ్చాయి.

రోజూ అన్నం తినగానే “నీళ్ళు పెట్టాలి” అని చెయ్యి చాపేవాడు. అలా ముందు బొటనవేలు కదిలింది. తరవాత చూపుడువేలు. ఒకరోజు మంచినీళ్ళ గ్లాసు కుడిచేత్తో పట్టుకున్నాడు. నేను వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను.

అలాంటి దాన్ని తగలేసింది నేనే. ఒకరోజు బడికి ఆలస్యమవుతుందని చేతికందిన చార్జరేదో దానికి గుచ్చి వెళ్ళిపోయాను. సాయంత్రం వచ్చేసరికి ఇల్లంతా కమురు వాసన. నాన్న దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

ఇదంతా విని ఆయన కాగితం తీసి బొమ్మ గీయడం మొదలెట్టారు. వైరు గుచ్చే చోటు పక్కన, చింతగింజంత మేర నల్లగా దిద్దారు. తరవాత చిన్న కార్డు ఒకటి, చిటికెనవేలి గోరంత ఉంటుంది, బయటికి తీసి నా చేతిలో పెట్టారు.

“ఇది మీ దగ్గరే ఉంచండి. హుండీ ఒకచోట, తాళంచెవి ఒకచోట ఉండాలి. మా ఇంటి ఆచారం.”

నాకు అర్థం కాలేదన్నాను. ఓపిగ్గా చెప్పారు. “పెద్దాయన చేను ఈ కార్డులోనే ఉందండీ. కానీ దానికి తాళం వేసింది ఈ బోర్డు. తయారుచేసినప్పుడే దీనికొక చెవి ఇచ్చి పంపారు. అలాంటిది ఇంకోదానికి ఉండదు. అచ్చం ఇలాంటి మిషనే ఇంకోటి తెచ్చి ఈ కార్డు పెట్టినా అది చదవలేదు. పిచ్చిగీతల్లా కనపడుతుంది దానికి.”

“ఆటకి అంత తాళం ఎందుకండీ?”

“దొంగకాపీలు చేసుకుంటారని కంపెనీవాళ్ళ భయం. దొంగ కోసం వేసిన తాళం ఇంటాయనకీ పడింది.” నవ్వలేదు, నిజంగానే బాధపడ్డారు. “బోర్డు మార్చేద్దామని ఎవరన్నా అంటారు, మార్చనివ్వకండి. కార్డు కొత్తదాంట్లో పెడితే అది ఇంగ్లీషులో ఏదో అడుగుతుంది. అవును అనకండి. నాకు కొంచెం టైమివ్వండి.”

ఎంత టైము అని అడిగితే చెప్పలేదు. ఆదివారం మా ఇంటికి వచ్చారు. నాన్న మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని, జేబులోంచి కాగితం తీసి, “పెద్దాయనా, చేను చెప్పండి, గీస్తాను” అన్నారు. లోపల ఏముందో తెలియకుండా పని చెయ్యలేరట. నాన్న చెప్తుంటే బావి గీశారు, గట్టు గీశారు, పదకొండు చెట్లూ లెక్కపెట్టి గీశారు. చవుడు మూల దగ్గర పెన్సిలు ఆపి, “ఇక్కడేం గియ్యనండీ?” అని అడిగారు. “వదిలెయ్” అన్నాడు నాన్న. వదిలేశారు. ఇద్దరికీ ఆ మధ్యాహ్నం ఎంతో బాగా గడిచింది. నేను మాత్రం టీ ఇస్తూ, ఈ బొమ్మలు గీసే తీరుబడి ఆ బోర్డు మీద పెట్టొచ్చుగా అనుకున్నాను.

మూడు వారాలయింది. నాన్న వేళ్ళు మళ్ళీ బిగుసుకోవడం మొదలెట్టాయి. గ్లాసు ఎడంచేతికి మారింది. నేను రోజూ బడి నుంచి వస్తూ కొట్టు దగ్గర ఆగేదాన్ని. ఆయన రోజూ “ఇంకా లేదండీ” అనేవారు. నా నోరు ముందు పుట్టిందనీ బుద్ధి తరవాత పుట్టిందనీ నాన్నే అంటాడు. నాలుగో వారం మొదట్లో కొట్టు ముందు నిలబడి, “మీకు చేతకాకపోతే చేతకాదని చెప్పండి, మా నాన్న ప్రాణంతో ఆటలాడకండి” అన్నాను. పక్కన ఇద్దరు ముగ్గురున్నారు. ఆయన మిషను బిగించి, ఒక్కొక్క స్క్రూ కాగితం మీంచి తీసి, తిరిగిచ్చేశారు. ఇచ్చేటప్పుడు “అవును అనకండి” అని మాత్రం అన్నారు.

మర్నాడు శనివారం. విజయవాడలో ఏసీ కొట్టు. బోర్డు మార్చేస్తాం మేడమ్, గంట, అన్నారు. గంట కూడా పట్టలేదు. తెర వెలగగానే నా ప్రాణం లేచొచ్చింది. పాత బోర్డు కావాలా అని అడిగితే, ఆ పీడ ఎందుకన్నాను.

తిరుగు బస్సులో మైలవరం దాటాక ఉండబట్టలేక కార్డు పెట్టాను. ఆయన చెప్పినట్టే ఇంగ్లీషులో అడిగింది. ఈ కార్డు ఈ మిషనుది కాదు, వాడుకోవాలంటే ఇందులో ఉన్నదంతా తుడవాలి, తుడవమంటావా అని. అర్థం కాక కాదు. నేను టీచర్ని. ప్రశ్న రెండుసార్లు చదివి జవాబు రాయమని పిల్లలకి ఏడాదంతా చెప్పేదాన్ని. కానీ ఆ నిమిషంలో, మిషను బాగైపోయింది, ఇంక అడ్డం ఈ ఒక్క ప్రశ్నే అనిపించింది. ఆయన తాళాల కథంతా చేతకానివాడి సాకు అనిపించింది. అవును మీద నొక్కాను. రెప్పపాటు పట్టింది అంతే.

నాన్న ఆత్రంగా అందుకున్నాడు. ఆట తెరిచాడు. రాళ్ళూ కలుపూ నిండిన బీడు వచ్చింది. అటూ ఇటూ కాసేపు నడిచి చూశాడు, బావి ఉండాల్సిన చోటికి వెళ్ళి ఆగాడు.

“ఇది మన చేను కాదు” అని మిషను మంచం మీద బోర్లించాడు.

సోమవారం కొట్టుకి వెళ్ళాను. క్షమాపణ అడగడానికి కాదు, పోట్లాడటానికి. మీరు నాన్చబట్టే నేను విజయవాడ పోవాల్సి వచ్చిందని అరిచాను. మా బడి పిల్లల తల్లిదండ్రులు కూడా ఉన్నారక్కడ. ఆయన లవంగం నమలడం ఆపారు.

“బోర్డు మార్చారా?”

“మార్చారు.”

“పాతది?”

“అక్కడే వదిలేశాను.”

ఆయన కళ్ళు మూసుకుని తెరిచారు. “కార్డు భద్రంగా ఉందిగా?”

అందరూ నావైపే చూస్తున్నారు. తుడిచేశానని చెప్పాలి. చెప్తే, అంతసేపూ అరిచిన అరుపంతా నా మీదే పడుతుంది. కార్డు సంచిలోనే ఉంది, ఆ మాట అబద్ధం కాదు అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

“ఆఁ, ఉందండి” అన్నాను.

ఆయన మొహం విచ్చుకుంది. “అయితే ఫర్లేదు టీచర్ గారూ. హుండీ ఉంది. తాళంచెవి వెతుకుదాం” అని విజయవాడ కొట్టు అడ్రసు అడిగి రాసుకున్నారు.

మర్నాడూ ఆ మర్నాడూ కొట్టు తియ్యలేదు. మూడోరోజు సాయంత్రం మా ఇంటికొచ్చారు. చేతిలో హోమియో మందుల డబ్బా. అందులో దూది, దూది మీద పాత బోర్డు. విజయవాడ కొట్టువాళ్ళు తీసేసిన బోర్డులన్నీ గోనెసంచిలో పోసి తూకానికి అమ్ముతారట. అదృష్టం, సంచి ఇంకా పోలేదు. రెండురోజులు వాళ్ళ మెట్ల కింద కూర్చుని ఒక్కొక్కటీ తన కాగితం పక్కన పెట్టి చూశారు. కాలిన మచ్చ తాను గీసిన చోటే, గీసినంతే ఉన్నదాన్ని పట్టుకొచ్చారు.

“దొరికిందా?” అన్నాడు నాన్న, మంచం మీంచి లేవబోతూ.

“దొరికింది పెద్దాయనా. కొండెక్కి ఉంది. దింపుకొద్దాం.”

నేను అక్కడే ఉన్నాను. గుమ్మం పట్టుకుని నిలబడి ఉన్నాను. అప్పుడైనా చెప్పొచ్చు. నాన్న నవ్వుతున్నాడు, ఆయనా నవ్వుతున్నారు. వాళ్ళిద్దరి నవ్వుకి అడ్డం పడే ధైర్యం నాకు లేకపోయింది. రేపు కొట్టుకి వెళ్ళి ఆయన ఒక్కరే ఉన్నప్పుడు చెప్దామనుకున్నాను.

ఆ రేపు ఏడాదిన్నర సాగింది. ఆ బోర్డు బాగుచెయ్యడం ఒక ఎత్తు, అందులో తాళంచెవి దాచుకున్న చిప్పు దెబ్బతినకుండా బాగుచెయ్యడం ఒక ఎత్తు అనేవారు. మిగతా రిపేర్లన్నీ అయ్యాక రోజూ ఒక గంట దానికి. ఎదురుపడ్డప్పుడల్లా నమస్కారం కన్నా ముందు అదే మాట. కూరగాయల బజార్లో, వంకాయలు ఏరుకుంటూ, “కార్డు భద్రంగా ఉందిగా టీచర్ గారూ?” బడి గేటు ముందు స్కూటరాపి, “కార్డు భద్రంగా ఉందిగా?” నేను ప్రతిసారీ “ఉందండి” అనేదాన్ని. కొన్నాళ్ళకి ఆ రోడ్డు మానేసి చుట్టూ తిరిగి వెళ్ళడం మొదలెట్టాను.

ఒకసారి వానలో దొరికిపోయాను. గొడుగు లేక ఒక చూరు కింద నిలబడితే, ఆయన కూడా స్కూటరాపి అక్కడికే వచ్చారు. చొక్కా పిండుకుంటూ, “నిన్న ఒక్క క్షణం కళ్ళు తెరిచిందండీ” అన్నారు. “మళ్ళీ మూసేసుకుంది. కానీ తెరిచింది.” అరవైకి దగ్గరపడ్డ మనిషి. మొదటి ర్యాంకు వచ్చిన పిల్లాడి మొహం అది.

“ఎందుకండీ ఇంత శ్రమ? వదిలెయ్యండి. నాన్న కూడా అలవాటు పడిపోయాడు” అన్నాను.

ఆశ్చర్యంగా చూశారు. “పెద్దాయన చేను లోపల ఉంది కదండీ.”

లేదండీ, లోపల ఏమీ లేదు, నేను తుడిచేశాను. ఇంతే చెప్పాల్సింది. నోటిదాకా వచ్చింది. వాన తగ్గింది. ఆయన సీటు మీద నీళ్ళు చేత్తో తుడుచుకుని వెళ్ళిపోయారు. ఆ చూరు కింద నిలబడ్డ ఐదు నిమిషాలూ తిరిగిస్తే ఏం కావాలంటే అది ఇస్తాను.

రెండు నెలల కిందట కొట్లోనే, స్టూలు మీదే పోయారు. గుండె. కబురు తెలిసినప్పుడు నాకు ముందు కలిగింది దుఃఖం కాదు, తేలిక. ఇంక ఆ మాట అడిగేవాళ్ళు లేరని. ఆ తేలికని తలుచుకుంటే ఇప్పటికీ అన్నం సయించదు.

తొమ్మిది రోజుల కిందట వాళ్ళావిడ వచ్చారు. నేనప్పుడు పేపర్లు దిద్దుకుంటున్నాను. సంచిలోంచి మిషను తీసి రెండు చేతులతో ఇచ్చారు. పాత బోర్డే, ఎక్కడో సంపాదించిన డొక్కు మిషనులో బిగించి ఉంది. దానికి రబ్బరుబ్యాండుతో మడతపెట్టిన కాగితం చుట్టి ఉంది.

“పోయేముందురోజు రాత్రి ఇంట్లో వెలిగిందండి. నన్ను వంటింట్లోంచి కేకేసి మరీ చూపించారు. రేపు పెద్దాయనకి ఇచ్చొస్తా అన్నారు.” ఆవిడ కొంగుతో కళ్ళొత్తుకున్నారు. “కార్డు పెడితే చేను కనపడుతుందట కదా. భద్రంగా ఉందిగా అండీ, కార్డు?”

చెప్పడానికి ఇంతకన్నా మంచి సమయం రాదు. ఎవరూ లేరు. పరువు పోయేదీ లేదు.

“ఉందండి” అన్నాను.

ఆవిడ వెళ్ళాక లోపల్నుంచి నాన్న పిలిచాడు. అంతా విన్నాడు. మిషను అందుకుని, ఎడంచేత్తో మీట నొక్కాడు. తెర వెలిగింది. కార్డు పెట్టమని అడిగింది.

“ఏదీ, పెట్టు” అన్నాడు.

డ్రాయర్లోంచి కార్డు తీశాను. కడిగిన పలక అది. పెట్టలేకపోయాను. మంచం పట్టె మీద కూర్చుని, బస్సులో మైలవరం దగ్గర మొదలుపెట్టి, చూరు కింద వాన దాకా, ఇప్పుడు గుమ్మంలో ఆవిడతో అన్న మాట దాకా మొత్తం చెప్పేశాను. నాన్న చేను పోయినందుకు బాధపడతాడనుకున్నాను. ఆయన మిషను ఆపి ఒళ్ళో పెట్టుకున్నాడు.

“విత్తనం లేని చేనుకి ఏడాదిన్నర నీళ్ళు పెట్టించావే, అమ్మాయ్” అన్నాడు.

అని, రబ్బరుబ్యాండు తీసి కాగితం విప్పాడు. పెన్సిలు గీతలు. బావి, గట్టు, పదకొండు చెట్లు. వాగు వైపు ఒక మూల ఖాళీ. దాన్ని కుడిచేత్తో తడమబోయి, వేళ్ళు రాక, చెయ్యి దాని మీద అలాగే ఉంచాడు.

“ముందు వెళ్ళి ఆవిడకి చెప్పిరా. తరవాత రాళ్ళేరుకుందాం.”

వాళ్ళిల్లు మా ఇంటికి రెండు వీధుల అవతల. ఇవాళ్టికి తొమ్మిది రోజులు. రెండుసార్లు వాళ్ళ గేటు దాకా వెళ్ళి వెనక్కొచ్చాను. నాన్న మళ్ళీ అడగలేదు. మిషను, కాగితం మంచం పక్కన స్టూలు మీదే ఉన్నాయి. ఆయన ముట్టుకోలేదు.